మీ ఊరి పాత సినిమా హాలు చరిత్ర రాయాలంటే: క్యాబిన్ నుంచి మొదలుపెట్టండి

హాలు మూతపడ్డాక ముందు పోయేవి కాగితాలు. టికెట్ పుస్తకాలు, డీసీఆర్ (రోజువారీ వసూళ్ల లెక్క) కట్టలు తూకానికి వెళ్తాయి. తర్వాత ప్రొజెక్టర్‌ను పాత సామాన్ల వాళ్లు విప్పుకుపోతారు. కుర్చీలు ఏ ఫంక్షన్ హాలుకో చేరతాయి. గోడలు కూలేది అన్నిటికంటే చివర. చాలామంది గోడలు కూలుతున్నాయని తెలిశాక కెమెరా పట్టుకుని పరిగెడతారు. అప్పటికి చరిత్రలో ముప్పాతిక భాగం తుక్కు కొట్లో ఉంటుంది. కాబట్టి ఎలివేషన్ ఫోటో తర్వాత తీసుకోవచ్చు, ముందు ప్రొజెక్టర్ ఉండే క్యాబిన్‌లోకి, ఆఫీసు గదిలోకి వెళ్లండి.

లోపలికి వెళ్లే ముందు

పాత హాళ్లలో చాలావాటి మీద అన్నదమ్ముల పంపకాల తగాదాలో, లీజు తగాదాలో నడుస్తుంటాయి. మీరు పత్రాలు చూపించమంటే యజమానికి వెంటనే అనుమానం వస్తుంది. మొదటి రోజు స్థలం విలువ ఎత్తకండి, డాక్యుమెంట్లు అడగకండి. "పాత ప్రొజెక్టర్ రూము ఒకసారి చూసి ఫోటోలు తీసుకుంటామండీ" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. వీలైతే అక్కడ పనిచేసిన ఆపరేటర్‌నో గేట్ కీపర్‌నో వెంట తీసుకెళ్లండి. తాళం ఎక్కడుందో కూడా వాళ్లకే తెలుస్తుంది.

రెండు టార్చిలు, 30 మీటర్ల టేపు, బూట్లు, చేతి తొడుగులు, సుద్దముక్క, మెత్తటి పెన్సిలు, ఫోటోలో కొలత తెలియడానికి ఒక అడుగు స్కేలు పెట్టుకోండి. ఒంటరిగా వెళ్లకండి. బాల్కనీ కింద సీలింగు చెమ్మకు కుళ్లి ఉంటే దాని కింద నిలబడొద్దు. పైకప్పు సిమెంటు రేకులైతే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉందనే అనుకోండి. విరగ్గొట్టకూడదు, కోయకూడదు, కిందపడిన ముక్కల పొడి ఊడ్వకూడదు. గుడ్డ మాస్కు ఆ దుమ్మును ఆపదు.

క్యాబిన్‌లో అసలు ప్రమాదం ప్రొజెక్టర్‌కు వెలుగునిచ్చే జెనాన్ బల్బు. అది చల్లగా ఉన్నా లోపల వాయువు గట్టి ఒత్తిడితో నిండి ఉంటుంది. చేతిలో జారినా, గీత పడినా గాజు పెంకులు బాంబులా చిమ్ముతాయి. లాంప్ హౌస్ (బల్బు ఉండే పెట్టె) తలుపు మూసి ఉంటే మూసే ఉంచండి. తీయాల్సివస్తే ముఖానికి షీల్డు, మందపాటి తొడుగులు వేసుకున్న అనుభవజ్ఞుడే తీయాలి. బల్బుకు కరెంటు అందించే రెక్టిఫయర్ పెట్టె జోలికి వెళ్లొద్దు. మెయిన్ ఆపేసినా కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉండొచ్చు.

క్యాబిన్ ఏం చెబుతుంది

హాలు గోడౌన్ అయిపోయి, నేలంతా చదును చేసేసినా, వెనక గోడ పైభాగం చూస్తే అది సినిమా హాలని తెలిసిపోతుంది. అక్కడ వరసగా చిన్న కిటికీల్లాంటి కన్నాలు ఉంటాయి. రెండు ప్రొజెక్టర్లున్న క్యాబిన్‌కు కనీసం నాలుగు: వెలుగు బయటికి రావడానికి రెండు, ఆపరేటర్ తెర చూసుకోవడానికి రెండు. ఇంకోటి ఉంటే అది స్లైడ్లు వేసే మెషిన్‌ది అయ్యుండొచ్చు. ప్రతి కన్నానికీ పైనుంచి జారి పడే ఇనుప మూత ఉంటుంది. ఫిల్ము అంటుకుంటే మంట హాల్లోకి రాకుండా ఆ ఏర్పాటు. తేలిగ్గా అంటుకునే పాత నైట్రేట్ ఫిల్ము కాలంలో పుట్టిన ఈ జాగ్రత్త ఆ ఫిల్ము పోయాక కూడా కొనసాగింది. కాబట్టి ఇనుప మూత ఉంది కదా అని హాలు నలభైల నాటిదని తేల్చేయకండి. కన్నాల సైజు, మధ్య దూరం, నేల నుంచి ఎత్తు కొలిచి రాసుకోండి.

తర్వాత నేల చూడండి. ప్రొజెక్టర్ స్టాండ్లు బిగించిన బోల్టులు ఎన్ని చోట్ల ఉన్నాయో లెక్కపెట్టండి. పైకప్పులో గుండ్రటి పొగగొట్టం దారి ఉంటే అక్కడ కార్బన్ ఆర్క్ దీపం నడిచి ఉండొచ్చు. కార్బన్ కడ్డీలు రెండూ ఎదురెదురుగా పెట్టి వాటి మధ్య మెరుపు పుట్టించేవాళ్లు. కాలుతున్న కొద్దీ దూరం పెరగకుండా సరిచేస్తూ ఉండాలి, పొగ బయటికి పోవాలి. మూలల్లో వెతికితే రాగి పూత ఉన్న కడ్డీ తునకలు దొరుకుతాయి. ఒకటి దాచండి.

ప్రొజెక్టర్ ఉంటే నాలుగు వైపులా ఫోటో తీసి, పేరు పలక దగ్గరగా తీయండి. మన హాళ్లలో ఫోటోఫోన్, వెస్ట్రెక్స్, సింప్లెక్స్ లాంటి పేర్లు కనిపిస్తాయి. తల భాగం ఒక కంపెనీది, ఫిల్ము మీది శబ్దాన్ని చదివే సౌండ్ హెడ్ ఇంకోదానిది, లాంప్ హౌస్ మరోదానిది కావడం మామూలే. కాబట్టి మూడు పలకలూ, మూడు నంబర్లూ విడివిడిగా రాయండి. ఒక్క పలక చూసి మొత్తం మెషిన్‌కు ఆ పేరు పెట్టడం అందరూ చేసే తప్పు. తుప్పు వదిలిస్తామని పలకను గరుకు కాగితంతో రుద్దకండి, అచ్చు అక్షరాలు పోతాయి. పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి, టార్చి పక్కనుంచి వాలుగా వేస్తే అరిగిన నంబరు నీడలో పైకి తేలుతుంది.

దీంతో పాటు ఒక లెక్క తెలిసి ఉండాలి. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి కాబట్టి నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు. రెండు రీళ్లు కలిపి చుట్టిన 2,000 అడుగుల స్పూలు 22 నిమిషాలు. 16 రీళ్ల సినిమా మూడు గంటలకు కాస్త తక్కువ. స్పూలు అయిపోవస్తుంటే తెర మీద కుడివైపు పై మూలలో ఒక చుక్క మెరుస్తుంది. అది చూసి ఆపరేటర్ రెండో ప్రొజెక్టర్ మోటారు వేస్తాడు. సుమారు ఏడు సెకన్లకు రెండో చుక్క. అప్పుడు దీనికి మూత వేసి దానికి తీయాలి. చుక్క నిలిచేది నాలుగు ఫ్రేములు, అంటే సెకనులో ఆరో వంతు. రోజుకు నాలుగు ఆటలు, ఒక్కో ఆటకు ఆరేడు సార్లు ఈ పని. ఆపరేటర్ నైపుణ్యం గురించి రాసేటప్పుడు పొగడ్తలకు బదులు ఈ అంకెలు రాయండి.

క్యాబిన్‌లో ఒకటే ప్రొజెక్టర్ ఉండి, పక్కన పెద్ద స్పూళ్లు కనిపిస్తే జెనాన్ వచ్చాక మారిన హాలు అది. జెనాన్‌కు కడ్డీ అయిపోవడమనే బెడద లేదు, ఆపకుండా నడుస్తుంది. దాంతో రెండో మెషిన్ చాలాచోట్ల అమ్ముడుపోయింది. సీడీలు పెట్టే డీటీఎస్ సౌండ్ పెట్టె తొంభైల రెండో సగం నుంచి కనిపిస్తుంది. శాటిలైట్ డిష్, సర్వర్ డబ్బా ఉంటే 2005 తర్వాత యూఎఫ్ఓ, క్యూబ్ లాంటి కంపెనీలతో డిజిటల్‌కు మారిందని అర్థం. గోడ మీద బొగ్గుతోనో పెన్సిలుతోనో ఆపరేటర్లు రాసుకున్న పేర్లు, తేదీలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. అన్నీ ఫోటో తీయండి, నంబర్లు మాత్రం బయట పెట్టకండి.

తెర, నేల, కుర్చీలు

తెర వెడల్పు, ఎత్తు కొలవండి. తెర చినిగిపోయినా ఫ్రేము ఉంటుంది. వెడల్పును ఎత్తుతో భాగిస్తే 2.35 దరిదాపుల్లో వస్తే వెడల్పాటి సినిమాస్కోప్ బొమ్మకు కట్టినది, 1.37 దగ్గర వస్తే పాత చదరపు తెర. పక్క గోడల్ని చెక్కి తెరను వెడల్పు చేసిన గుర్తులు కనబడితే అది గొప్ప ఆధారం. తెలుగులో మొదటి సినిమాస్కోప్ సినిమా అల్లూరి సీతారామరాజు 1974లో వచ్చింది, మొదటి 70 ఎంఎం సింహాసనం 1986లో. ఊళ్లో హాళ్లు తెరలు మార్చుకున్నది ఎక్కువగా ఇలాంటి సందర్భాల్లోనే కాబట్టి ఆపరేటర్‌ని "ఏ సినిమాకు తెర మార్చారు?" అని అడగండి.

నేల తరగతి ఎక్కడ ఆగిందో, బెంచీ ఎక్కడ మొదలైందో గచ్చులో గుర్తులుంటాయి. మట్టి లేదా ఇసుక నేల, తర్వాత నాపరాయి, ఆ తర్వాత సిమెంటు. కుర్చీల బోల్టు రంధ్రాలు లెక్కపెడితే సీట్ల సంఖ్య వస్తుంది. దాన్ని లైసెన్సులో ఉన్న సంఖ్యతో సరిచూడండి. తేడా వస్తే తరగతులు ఎప్పుడో మారాయి, ఎప్పుడన్నది కాగితాల్లో వెతకాలి.

కాగితాలు: అసలు నిధి

అన్నిటికంటే విలువైనది డీసీఆర్. రోజువారీ వసూళ్ల లెక్క. ఒక్క కాగితం మీద హాలు పేరు, సినిమా పేరు, ఎన్నో వారం, ఎన్నో రోజు, ఏ ఆటకు ఏ తరగతిలో ఎన్ని టికెట్లు తెగాయి, మొదటి టికెట్ నంబరు, చివరి నంబరు, రేటు, పన్ను, నికరం, డిస్ట్రిబ్యూటర్ వాటా ఉంటాయి. కింద మేనేజరు సంతకం, పక్కన ఫిల్ము బాక్సుతో పాటు వచ్చిన డిస్ట్రిబ్యూటర్ రిప్రజెంటేటివ్ సంతకం. వారం రోజుల డీసీఆర్‌లు చేతికొస్తే ఆ ఊరి జీవితం కనిపిస్తుంది. సంత రోజున మ్యాట్నీ నేల నిండుతుంది. కోతల కాలంలో సెకండ్ షో పెరుగుతుంది. పరీక్షల నెలలో బాల్కనీ పడిపోతుంది. ఇది ఎవరి జ్ఞాపకంలోనూ ఇంత ఖచ్చితంగా ఉండదు.

డీసీఆర్ చదివేటప్పుడు ఒక మెలకువ. 1984కు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వినోదపు పన్ను తెగిన టికెట్ల మీద పడేది, కాబట్టి టికెట్ల లెక్కను పన్ను వాళ్లు గట్టిగా చూసేవాళ్లు. 1984 జనవరి నుంచి స్లాబు పద్ధతి వచ్చి, హాలు నిండితే వచ్చే మొత్తాన్ని బట్టి పన్ను కట్టడం మొదలైంది. ఎందరు వచ్చారన్నదానితో దానికి సంబంధం లేదు. అందువల్ల స్లాబు ముందు కాగితాల్నీ తర్వాతి కాగితాల్నీ ఒకే గాటన కట్టి పోల్చకండి. 2017 జూలై నుంచి జీఎస్టీ.

తర్వాతిది లైసెన్సు. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, 1970 నాటి నిబంధనల కింద ఇచ్చేది బి ఫారం. యజమాని పేరు, సీట్లు, గడువు అందులో దొరుకుతాయి. జిల్లాల్లో ఆ ఫైలు కలెక్టరేట్‌లో, హైదరాబాద్ నగరంలో పోలీస్ కమిషనర్ ఆఫీసులో ఉంటుంది. హాల్లో దొరక్కపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగండి. "ఈ హాలు చరిత్ర ఇవ్వండి" అని రాస్తే తిప్పి పంపుతారు. హాలు పేరు, పాత పేరు, వీధి, సర్వే నంబరు వేసి, "మొదటి బి ఫారం లైసెన్సు నకలు, ఆమోదించిన ప్లాను నకలు" అని విడివిడిగా అడగాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి. స్థలం లావాదేవీలు చూపే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే కనబడుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. తెలంగాణలో నిజాం కాలం నాటి హాలైతే కాగితాలు ఉర్దూలో ఉంటాయి. చదవగల పెద్దవాళ్లను ముందే చూసుకోండి.

కాగితాలు ముట్టుకునేటప్పుడు చేతులు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. కట్ట విప్పే ముందు కట్టను అలాగే ఫోటో తీయండి, వరస కూడా సమాచారమే. సెల్లోటేపు అంటించడం, లామినేషన్ చేయించడం రెండూ వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది, లామినేషన్‌ను మళ్లీ విప్పలేం. చెదలు పట్టినవాటిని వేరే పెట్టెలో పెట్టండి. డీసీఆర్‌లు 300 డీపీఐలో, టికెట్లు, స్లైడ్లు, ఫోటోలు 600లో స్కాన్ చేయండి. పల్చటి రంగు కాగితం టికెట్ల వెనక నల్ల కాగితం పెడితే అవతలి వైపు అచ్చు కనబడకుండా స్కాన్ బాగా వస్తుంది.

వాల్‌పోస్టరు దొరికితే అందరూ హీరో బొమ్మ చూస్తారు. మీరు కింద అంటించిన సన్నటి చీటీ చూడండి. హాలు పేరు, ఆటల వేళలు ఉన్న ఆ స్లిప్పే మీ ఊరి చరిత్ర. పోస్టరు వేరే ఊళ్లలోనూ దొరుకుతుంది, స్లిప్పు దొరకదు. దాన్ని ఊడదీయకండి. మడతల మీద మళ్లీ మడవకుండా లావుపాటి గొట్టానికి చుట్టండి.

ఫిల్ము ముక్కలు దొరికితే ముందు వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అసిటేట్ ఫిల్ము చెడుతోంది. పక్కనున్న ఫిల్మును కూడా త్వరగా చెడగొడుతుంది కాబట్టి వేరుచేసి, గాలి ఆడే కాగితపు కవరులో చల్లటి చోట ఉంచండి, ప్లాస్టిక్ డబ్బాలో మూసిపెట్టొద్దు. అంచున 'సేఫ్టీ' అని ఉంటే భయం లేదు. 'నైట్రేట్' అని ఉంటే, లేదా 1950ల మొదటి నాటికంటే పాతదై జిగటగా, గోధుమరంగు పొడిలా మారుతుంటే ఇంట్లో పెట్టుకోకండి, ఎండలో ఉంచకండి, కాల్చి పరీక్షించకండి. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాసి సలహా అడగండి.

తేదీలు తేల్చడం

"మా హాలే జిల్లాలో మొదటిది" అని ప్రతి ఊళ్లోనూ అంటారు. ఆధారం లేకుండా రాయకండి. రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ కట్టినదీ, బెజవాడలో 1921లో మారుతీ హాలు వచ్చినదీ మూకీల కాలం. తెలుగులో మాటలొచ్చింది 1932లో. మీ హాలు పేరు చివర 'టాకీస్' ఉందంటే మూకీల నాడు ఆ పేరు ఉండే వీల్లేదు, పాత హాలు తర్వాత పేరు మార్చుకుని ఉండొచ్చు. టూరింగ్ టాకీసుగా డేరాలో మొదలై పక్కా భవనమైన హాళ్లు ఎన్నో. వాటికి రెండు పుట్టిన తేదీలుంటాయి, రెండూ రాయాలి.

పాత పత్రికల్లో యాభై రోజులు, వంద రోజుల ప్రకటనలు చూడండి. కేంద్రం, అంటే సినిమా ఆడిన ఊరి పేరు పక్కన హాలు పేరు ఉంటుంది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, కృష్ణా, గుంటూరు అని పంపిణీ ఏరియాల వారీగా వేసిన ప్రకటన దొరికితే మీ హాలు ఆ తేదీకి నడుస్తోందని రుజువు. ఇక్కడో ఉచ్చు ఉంది. వంద రోజులన్నది ఒకే హాల్లో ఆడినవే కానక్కర్లేదు. 'షిఫ్టింగ్‌తో' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అంటే ఒక హాలు నుంచి ఇంకో హాలుకు మార్చి నడిపారు. ఆఖరి వారాల్లో రోజుకో ఆట మాత్రమే వేసి రోజులు లెక్కపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఈ పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్లకు వెళ్లండి. వెళ్లేముందు నెల, సంవత్సరం ఒక అంచనాకు తెచ్చుకోకపోతే ఒక్క ప్రకటన కోసం వారం పడుతుంది.

మనుషుల్ని అడగడం

"హాలు ఎప్పుడు కట్టారు తాతా?" అంటే పదేళ్లు అటూ ఇటూ చెబుతారు. ఊరికి గుర్తున్న సంఘటన పట్టుకుని అడగాలి. కృష్ణా, గుంటూరు తీరంలో 1977 దివిసీమ ఉప్పెన, గోదావరి జిల్లాల్లో 1986 వరదలు, కోనసీమలో 1996 తుపాను, తెలంగాణలో 1969 ఉద్యమం, అన్నిచోట్లా 1983లో రామారావు ముఖ్యమంత్రి కావడం. "ఉప్పెన నాటికి హాలుందా? పైకప్పు లేచిందా?" అంటే జవాబు స్పష్టంగా వస్తుంది.

ఆపరేటర్, మేనేజరు, గేట్ కీపర్, బుకింగ్‌లో కూర్చున్నాయన, పోస్టర్లు అంటించినాయన, సోడా కొట్టు ఆయన, రిక్షాలో మైకు ప్రచారం చేసినాయన: ఒక్కొక్కరిదీ ఒక్కో చరిత్ర. ఆపరేటర్‌ని క్యాబిన్‌లోనే, వీలైతే ప్రొజెక్టర్ పక్కనే మాట్లాడించండి. ఇంట్లో కుర్చీలో కూర్చోబెడితే రాని మాటలు మెషిన్ మీద చెయ్యి పడగానే వస్తాయి. ఫిల్ము ఎక్కించే దారి చేత్తో చూపిస్తుంటే వీడియో తీయండి. ఆ విద్య తెలిసినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. జీతమెంత, రీలు తెగితే ఏమనేవాళ్లు, వేడికి ఒళ్లెలా ఉండేది అని కూడా అడగండి.

ఆడవాళ్లను తప్పక అడగండి. చాలా హాళ్లలో వాళ్లకు వేరే కౌంటరు, వేరే వైపు సీట్లు, మధ్యలో తెరో చెక్కో ఉండేవి. అది ఎప్పుడు తీసేశారో యజమాని మర్చిపోయినా వాళ్లు మర్చిపోరు. నేల మీద ఎవరు కూర్చునేవాళ్లు, డబ్బున్నా ఎవర్ని పైకి రానిచ్చేవాళ్లు కాదు అన్నదీ అడగాల్సిందే, నొచ్చుకోకుండా, వేరుగా కూర్చుని. ఒకే సంగతి ఇద్దరు విడివిడిగా చెబితేనే వాస్తవంగా రాయండి. ఒక్కరే చెబితే "ఫలానా పని చేసినాయన చెప్పినదాని ప్రకారం" అని రాయండి.

కూల్చే ముందు వారం

కూల్చివేత ఖాయమైతే యజమానితో పాటు కాంట్రాక్టరును కూడా కలవండి. తుక్కు మీద హక్కు ఆ రోజు నుంచి అతనిది. ఏవి కావాలో చీటీ రాసి ఇవ్వండి: హాలు పేరు అక్షరాలు, క్యాబిన్ కన్నం ఇనుప మూత ఒకటి, తరగతి పేరు రాసిన బోర్డు, నంబరున్న కుర్చీ ఒకటి, బుకింగ్ కన్నం చెక్క. తూకం ధర కంటే కొంచెం ఎక్కువ ఇస్తామంటే పక్కన పెడతారు. పేరు అక్షరాలు సిమెంటుతో పోసినవైతే ఊడవు, విరుగుతాయి. అలాంటప్పుడు స్కేలు పెట్టి ఎదురుగా ఫోటో తీసి, పెద్ద కాగితం మీద బొగ్గుతో రుద్ది అచ్చు తీసుకోండి.

ప్రొజెక్టర్ ఎవరైనా తీసుకుంటామంటే ముక్కలుగా వెళ్లనివ్వకండి. లెన్సులు ముందు మాయమవుతాయి, స్కోప్ లెన్సు, ఫ్లాట్ లెన్సు వేర్వేరు. వాటిని మెషిన్‌తో పాటే చీటీ కట్టి పంపండి. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ పాత సినిమా సామగ్రిని సేకరిస్తుంది. అంతకు ముందు మీ జిల్లా గ్రంథాలయాన్నో, ఊరి కాలేజీనో అడగండి, ఊళ్లోనే ఉంటే ఊరివాళ్లు చూస్తారు.

స్కాన్లు మూడు చోట్ల పెట్టండి: మీ దగ్గర ఒకటి, యజమాని కుటుంబానికి ఒకటి, గ్రంథాలయానికి ఒకటి. ఫైలు పేరులోనే ఊరు, హాలు, తేదీ, దొరికిన చోటు ఉండాలి. హాలు పోయాక కూడా ఆ కూడలి దాని పేరుతోనే పిలవబడుతుంటే, సికింద్రాబాద్‌లో పారడైజ్ లాగా, ఆటోవాళ్లనూ కండక్టర్లనూ అడిగి ఆ సంగతీ తేదీ వేసి రాయండి. చివరి ఆట ఏ రోజు, ఏ సినిమా, ఎన్ని టికెట్లు తెగాయో ఆ రోజు డీసీఆర్ తీసి ఫైలులో మొదటి కాగితంగా పెట్టండి.